గుడ్డుకు మొలిచిన తోక

జూన్ 12

పిన్నీ,

మేమంతా బాగానే ఉన్నాం. మా ఇంట్లో ప్రతి ఒక్కరికీ రెండేసి చోట్ల చూపు లేదని నిన్ననే తేలింది, అంతే. కంగారు పడకు, నీకూ లేదు.

ఎలాగో చెప్తాను. కంట్లోని నరాలన్నీ తాడులా పేనుకుని మెదడుకు బయలుదేరే చోట, వెలుగును పట్టుకునేది ఏదీ ఉండదట. అక్కడ పడిన వెలుగంతా వృథా. ఆ చోటు పేరు అంధబిందువు. పుస్తకంలో ఆ మాట చూసినప్పటి నుంచి దాన్ని పలుకుతూ ఇల్లంతా తిరుగుతున్నాను. "చీకటి చుక్క అంటే సరిపోదూ?" అంది చెల్లి. సరిపోదు. చీకటైతే కనిపిస్తుంది. అక్కడ చీకటి కూడా ఉండదు.

మా బళ్లో ఆగస్టులో సైన్సు ప్రదర్శన. నేను మనుషుల అంధబిందువులను కొలుస్తున్నాను. పద్ధతి ఇది. చార్టు కాగితాన్ని గోడకు అంటించి మధ్యలో చిన్న గుణకారం గుర్తు వెయ్యి. కదలకుండా గడ్డాన్ని పుస్తకాల దొంతర మీద ఆనించు. కంటికీ కాగితానికీ నలభై సెంటీమీటర్లు ఉండాలి, దారంతో కొలుచుకో. ఎడమ కన్ను మూసి, కుడికంటితో ఆ గుర్తునే చూడు. ఎర్ర మొన పెన్సిలుకు తెల్ల కాగితం చుట్టి మెల్లగా కుడివైపుకు జరుపు. పదకొండు సెంటీమీటర్ల దగ్గర ఆ ఎరుపు మాయమైపోతుంది! ఎక్కడ పోయిందో, ఎక్కడ మళ్లీ వచ్చిందో నాలుగు దిక్కులా చుక్కలు పెట్టి కలిపితే గుడ్డు ఆకారం వస్తుంది. తర్వాత కుడి కన్ను మూసి ఎడమవైపు కూడా అలాగే.

తాతయ్య తన గుడ్డు చూసుకుని, "డెబ్భై మూడేళ్లు ఇంత బొక్క పెట్టుకునే రోడ్లు దాటానా!" అన్నాడు.

నాకు పన్నెండు కళ్లు కావాలి. మా ఇంట్లో పదే ఉన్నాయి. మిగతా రెండూ నువ్వివ్వు. గుడ్డును ఫోనులో చెప్పలేవు కాబట్టి కాగితమే పంపు.

నీ ఎందుకమ్మ

*

జూన్ 20

ఒసేయ్ ఎందుకమ్మా,

నీకు ఈ పేరు పెట్టినందుకు నన్ను నేనే తిట్టుకోవాలి. మూడేళ్ల వయసులో "నీళ్లు ఎందుకు తడిగా ఉంటాయి?" అని అడిగినదానివి, ఇప్పుడు నా కళ్లే అడుగుతున్నావు.

ఇవాళ షాపు మూశాక చేశాను. నా బల్ల మీద పుస్తకాలు లేవు, గడియారాల కేటలాగులు పేర్చాను. గొడుగు మరిచిపోయి మా యజమాని వెనక్కి వచ్చాడు. నేను గడ్డం ఆనించి గోడ వైపు గుడ్లు మిటకరించి ఉన్నాను. "ఏమ్మా, గోడ ఏమైనా అన్నదా?" అన్నాడు. "సైన్సు" అన్నాను. గొడుగు తీసుకుని చప్పుడు చెయ్యకుండా వెళ్లిపోయాడు.

కుడికంటి గుడ్డు నువ్వన్నట్టే వచ్చింది. నాలుగు వెడల్పు, ఐదున్నర ఎత్తు. నా కుడి కన్నంటే మాటలా! భూతద్దం బిగించేది దానికే. వెంట్రుకకన్నా సన్నని స్ప్రింగును అది చూస్తే చెయ్యి సర్దుతుంది. ఈ ఊళ్లో నాకున్న ఆస్తి ఆ కన్నూ ఈ చెయ్యీ, అంతే.

ఎడమ కన్నుకు మాత్రం ఇరవై రెండేళ్లుగా సెలవు. పని చేసేటప్పుడు దాన్ని మూసే ఉంచుతాను. అందుకేనేమో, దాని గుడ్డుకు తోక మొలిచింది. చూసి నవ్వుకో. కాగితం మడతలు జాగ్రత్తగా విప్పు.

పిన్ని

*

జూన్ 27

పిన్నీ,

నీ కాగితం రాగానే అన్నం కూడా సగంలో వదిలేసి విప్పాను. కుడికన్ను మహా బుద్ధిమంతురాలు. ఎడమకన్నే అల్లరిది! గుడ్డులోంచి తోక పైకి లేచి, గుణకారం గుర్తును దూరంగా చుట్టి, అవతలి వైపు దాకా వంగి వెళ్లింది. చెల్లి దానికి కొడవలి అని పేరు పెట్టింది. "తోకచుక్క" అన్నాడు నాన్న. నాకు ఈ రెండో మాట బాగా నచ్చింది. కానీ పట్టికలో తోకచుక్కకు గడి లేదు.

మధ్యలో నీ చూపు గుర్తు మీద నుంచి జారి ఉంటుంది. మాకూ మొదట్లో జారేది. పెన్సిలు పైకి వెళ్తుంటే కన్ను దాని వెంట పోతుంది, మనకు తెలియనే తెలియదు. దయచేసి ఎడమకన్ను మాత్రం మళ్లీ చెయ్యవా? ఈసారి కేటలాగులు కదలకుండా కింద తువ్వాలు వెయ్యి. ప్రతి నాలుగు చుక్కలకూ కాసేపు కళ్లు మూసి తెరువు.

నీకు పని ఎక్కువని తెలుసు. పన్నెండో కన్ను లేకపోతే నా సగటు ఒంటికాలి మీద నిలబడుతుంది.

ఎందుకమ్మ

*

జూలై 6

ఎందుకమ్మా,

చేశాను. ఒకసారి కాదు, రెండుసార్లు. గురువారం పొద్దున్నే షాపు తెరవకముందు ఒకసారి, ఆదివారం ఒకసారి. తువ్వాలు వేశాను. నాలుగు చుక్కలకోసారి కళ్లు మూసి తెరిచాను. తోక మళ్లీ వచ్చింది. రెండుసార్లూ వచ్చింది. ఆ రెండు కాగితాలూ పంపుతున్నాను.

నా చూపు జారిందన్నావు. ఒక్కమాట చెప్తాను, పెద్దదాన్నని కాదు, పనిదాన్నని విను. మొన్న ఒక ముసలావిడ తన భర్త చేతిగడియారం తెచ్చింది. దాని లోపలి చక్రం ఇరుసు ఆవగింజలో సగం ఉండదు. దాన్ని పట్టుకుని పావుగంట ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. చూపు వెంట్రుకవాసి జారినా అది ఎగిరి నేల మీద పడుతుంది, ఇక దొరకదు. పడలేదు. అలాంటిదాన్ని గోడ మీద గుర్తును చూడలేనంటావా?

సరేలే. పట్టికలో తోకకు ఒక గడి చేర్చు.

పిన్ని

*

జూలై 14

పిన్నీ,

వెంట్రుకవాసి! ఎంత మంచి మాట పిన్నీ. నా నోటుపుస్తకం చివరి పేజీలో మాటలు దాచుకుంటాను, అక్కడ రాసుకున్నాను.

ఇప్పుడు నీకు కోపం వచ్చే సంగతి. నీ ఎడమకన్ను అంకెలను పట్టికలోంచి కొట్టేశాను. పదకొండు కళ్లకు నాలుగు సెంటీమీటర్ల గుడ్డే వచ్చి, ఒక్కదానికి పంతొమ్మిది సెంటీమీటర్ల తోక వస్తే సగటు అంతా పాడవుతోంది. కింద "పొరపాటుగా తీసిన కొలత, కారణం: వాడకం లేని కన్ను త్వరగా అలిసిపోవడం" అని రాశాను. నీ చెయ్యి వణికిందని రాయలేదు, ఒట్టు.

అమ్మ నీ కాగితాలను చాలాసేపు చూసింది. అటూ ఇటూ తిప్పి మరీ చూసింది. తర్వాత, "ఆ కళ్లు పొడుచుకునే పని ఇంకెన్నాళ్లు చేస్తుంది? ఇక్కడికి వచ్చేస్తే నాకూ తోడుగా ఉంటుంది కదా" అంది. "పిన్ని రాదు" అన్నాను. "రాదనే కదా నా బాధ" అంది.

వాన మొదలైంది. పెరట్లో డబ్బాలు పెట్టి వాన కొలవడం చెల్లి వంతు. ఆ డబ్బాల్లో నీళ్లు పిల్లి తాగేస్తోంది, దాంతో చెల్లి లెక్కల్లో ఈ ఊళ్లో కరువు.

ఎందుకమ్మ

*

జూలై 19

అమ్మాయ్,

ఇప్పుడు అర్థమైంది. ముందే అర్థం కావలసింది.

అక్క నన్ను వచ్చెయ్యమని నాలుగేళ్లుగా అడుగుతోంది. నేను రానంటున్నాను. ఇప్పుడు "కళ్లు కొలుస్తాను పిన్నీ" అని నువ్వు బయలుదేరావు. మూడుసార్లు చేయించావు. పొరపాటని కొట్టేశావు. ఇక మీ అమ్మకు చెప్పడానికి మాట దొరికింది. దాని కళ్లు పోయాయి, చెయ్యి పోయింది, ఇంటికి తీసుకొచ్చేద్దాం అని.

నువ్వు కావాలని చెయ్యలేదేమో. కానీ నీ చేత చేయించారు. అక్కకు చెప్పు, నా కూడు నేను సంపాదించుకోగలను.

ఇక కాగితాలు పంపకు.

*

జూలై 28

పిన్నీ,

కాగితం పంపొద్దన్నావు. ఇది పంపుతున్నాను. చింపేసే ముందు చివరిదాకా చదువు, ఆ ఒక్కటి చెయ్యి చాలు.

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. అమ్మకు చూపించలేదు. ఒట్టు పెట్టి చెప్తున్నాను, అమ్మ నన్ను ఏమీ చెయ్యమనలేదు. అమ్మకు అంధబిందువు అనే మాట కూడా సరిగ్గా పలకడం రాదు.

పట్టిక తీసుకుని సైన్సు మాస్టారి దగ్గరికి వెళ్లాను. ఆయన కొట్టేసిన వరస మీద వేలు పెట్టి, "ఇదేంటి?" అన్నారు.

"పొరపాటు సార్. కన్ను అలిసిపోయింది."

"నువ్వెలా చెప్తున్నావు?"

"మరి ఇంకేం ఉంటుంది సార్?"

"కారణం రాశావు బాగానే ఉంది. ఆ కారణం నిజమో కాదో చూశావా?"

చూడలేదు పిన్నీ. మిగతావాళ్ల కొలతలు నాకు నచ్చినట్టు వచ్చాయి కాబట్టి నమ్మాను. నీది నచ్చలేదు కాబట్టి కొట్టేశాను.

ఇంటికొచ్చి నీ పొరపాటును నేనే చేద్దామని కూర్చున్నాను. కావాలని చూపు జార్చాను. గడ్డం కదిపాను. పుస్తకాలు తీసేసి గాల్లో పెట్టాను. ఎడమకన్నును అరగంట సేపు మంటపుట్టేలా తెరిచి ఉంచి, అలిసిపోయాక కొలిచాను. చెల్లిని పక్కన నిలబెట్టి చక్కిలిగింతలు పెట్టించుకున్నాను. నాలుగు రోజుల్లో ఇరవై ఆరు కాగితాలు పాడుచేశాను. అన్నీ పిచ్చి గీతలే. ఒకదానికి మూడు కాళ్లు, ఒకటి పగిలిన కుండ. ఏ రెండూ ఒకేలా లేవు. తోక ఒక్కసారి కూడా రాలేదు.

అప్పుడు నీ మూడు కాగితాలనూ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ అద్దానికి ఆనించాను. వెలుగులో మూడు తోకలూ ఒక్కటే అయ్యాయి.

పొరపాటు ఇంత బుద్ధిగా ఉండదు పిన్నీ. మూడుసార్లూ అదే దారిలో నడవదు. నీ చెయ్యి వణకలేదు. నీ చూపు జారలేదు. నువ్వు చాలా సరిగ్గా కొలిచావు, నేనే తప్పు. ఆ తోక ఉన్న చోట నీ ఎడమకన్నుకు నిజంగానే ఏమీ కనబడటం లేదు.

మాస్టారికి మళ్లీ చూపించాను. ఆయన నవ్వలేదు. "నేను డాక్టర్ని కాను. ఆవిడను ఈ వారంలోనే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లమను. ఈ కాగితాలు కూడా పట్టుకెళ్లమను" అన్నారు. అందుకే పంపుతున్నాను.

నామీద ఎంత కోపమైనా పడు. కానీ ముందు వెళ్లు. వెళ్లొచ్చాక తిట్టు.

ఎందుకమ్మ

*

ఆగస్టు 9

ఎందుకమ్మా,

చింపేద్దామనే తీశాను. "చక్కిలిగింతలు" దగ్గర ఆగిపోయాను.

నీ ఉత్తరం పక్కన పెట్టి నా కుర్చీలోనే కూర్చున్నాను. నా ఎదురుగా అమ్మకానికి పెట్టిన గోడ గడియారాలు మూడు వరసలు ఉంటాయి, వరసకు ఐదు. కుడి కన్ను అరచేత్తో మూసి మధ్యలో ఉన్నదాని మీద చూపు నిలిపాను. కింది వరసలో ఐదూ ఉన్నాయి. పై వరసలో రెండే ఉన్నాయి. మిగతా మూడు చోట్లా నల్లగా లేదు, మసకగానూ లేదు. అక్కడ గోడ ఉంది. శుభ్రంగా సున్నం వేసిన గోడ. కుడి కన్ను తెరిచాను, మూడు గడియారాలూ వచ్చేశాయి. మూశాను, పోయాయి. అలా ఎన్నిసార్లు చేశానో. మా యజమాని వచ్చి, "మళ్లీ సైన్సా?" అన్నాడు. "సైన్సే" అన్నాను.

ఎన్నాళ్ల నుంచి అలా ఉందో ఎవరికి తెలుసు? పని చేసేటప్పుడు దాన్ని మూసేస్తాను. మిగతా వేళల్లో రెండూ తెరిచే ఉంటాయి కాబట్టి ఒకదాని లోటు ఇంకొకటి పూడ్చేస్తోంది.

మంగళవారం సెలవు పెట్టి వెళ్లాను. తెల్లని పెద్ద గిన్నె లాంటి యంత్రం ముందు కూర్చోబెట్టి, "గడ్డం ఇక్కడ ఆనించండి, మధ్యలో ఉన్న చుక్కనే చూడండి" అన్నారు. పుస్తకాలకు బదులు ప్లాస్టిక్కు, అంతే తేడా. చిన్న చిన్న దీపాలు వెలిగినప్పుడల్లా మీట నొక్కాలి. మొదట్లో కనిపించకపోయినా నొక్కేశాను. ఎందుకంటే భయం. తర్వాత నువ్వు గుర్తొచ్చి, "మళ్లీ మొదటి నుంచి చేస్తానమ్మా" అని యంత్రం నడిపే పిల్లను అడిగాను. రెండోసారి నిజం చెప్పాను.

యంత్రం వేసిన బొమ్మలో కూడా తోకే ఉంది.

గ్లకోమా అట. కంట్లో ఒత్తిడి పెరిగి నరాన్ని కొద్దికొద్దిగా నలిపేస్తుందట. నొప్పి ఉండదు. ఎడమకంట్లో పోయింది ఇక రాదు. కుడికంట్లో కూడా ఒత్తిడి ఉంది, కానీ నరానికి ఇంకా దెబ్బ తగల్లేదు. చుక్కల మందు రోజూ వేసుకుంటే అక్కడితో ఆపొచ్చు అన్నాడు డాక్టరు. "నా పని?" అని అడిగాను. "చేసుకోండి. మందు మాత్రం ఒక్కరోజు కూడా మానకండి" అన్నాడు.

నీ మీద ఎందుకంత కోపం వచ్చిందో చెప్తాను. చెయ్యి వణుకుతుందేమో అని ఈ మధ్య నాకే భయం. యాభైకి దగ్గర పడ్డాను. ఎవరికీ చెప్పని భయాన్ని నువ్వు పట్టికలో రాసి కొట్టేసినట్టు అనిపించింది. అక్కను కూడా నోటికొచ్చినట్టు అన్నాను. నువ్వు చూపించకపోవడమే మంచిదైంది.

ఇంకోటి. ఇది తోబుట్టువుల్లో కూడా ఉండొచ్చట. అక్కను వెంటనే తీసుకెళ్లండి. గోడకు కాగితాలు అంటించడం కాదు, డాక్టరు దగ్గరికే. రానంటే నేనొచ్చి లాక్కెళ్తానని చెప్పు.

పిన్ని

*

ఆగస్టు 17

పిన్నీ,

అమ్మను శనివారం తీసుకెళ్లాం. రెండు కళ్లలోనూ ఒత్తిడి మామూలుగానే ఉంది, ఏడాదికోసారి చూపించుకోమన్నారు. దారంతా "నాకేం, నాకేం" అంటూనే ఉంది. డాక్టరు గదిలోకి వెళ్లేటప్పుడు మాత్రం నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

నీ ఉత్తరం ఇప్పుడు చూపించాను. జూలైలోది కాదు, ఈ చివరిది. చదివి వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పుకుని ఏడ్చింది. తర్వాత ఒక సంగతి చెప్పింది. ఆ రోజు నీ కాగితాలను అటూ ఇటూ తిప్పింది కళ్ల కోసం కాదట. ఏ మూలనైనా తనకు ఒక్క ముక్క రాశావేమోనని వెతికిందట. "నీకు మాత్రం పేజీలకు పేజీలు రాస్తుంది" అంది నాతో.

ప్రదర్శన అయిపోయింది. నీ వరసను మళ్లీ పట్టికలో చేర్చాను. కొట్టివేత చెరపలేదు, పక్కనే మళ్లీ రాశాను. సగటులో కలపలేదు. దానికి వేరే కాగితం, వేరే బొమ్మ. కింద నేను చేసిన తప్పు రాశాను. బహుమతి రాలేదు. నిమ్మకాయలతో దీపం వెలిగించినవాళ్లకు వచ్చింది.

ఒకటి అడగాలి. అడగడానికే భయంగా ఉంది. నీ మొదటి కాగితం జూన్ ఇరవైది. నువ్వు డాక్టరు దగ్గరికి వెళ్లింది ఆగస్టు అయిదున. నేను చదివి నవ్వుకున్న రోజులు, మళ్లీ చెయ్యమన్న రోజులు, కొట్టేసిన రోజులు, అన్నీ కలిపితే నలభై ఆరు. నేను మొదటి కాగితాన్నే నమ్మి ఉంటే? ఆ నలభై ఆరు రోజుల్లో తోక ఎంత పెరిగింది పిన్నీ? రోజూ పడుకునే ముందు ఇదే లెక్క వేస్తున్నాను. చెల్లికి చెప్తే, "నువ్వు నలిపావా ఆ నరాన్ని?" అంది. అయినా మనసు ఒప్పుకోవడం లేదు.

నిజమే చెప్పు. నన్ను ఊరుకోబెట్టడానికి ఏదో ఒకటి రాయకు.

ఎందుకమ్మ

*

సెప్టెంబరు 21

ఎందుకమ్మా,

నెల రోజులు ఆలస్యం చేశాను. మందు మొదలుపెట్టాక ఆరు వారాలు ఆగి కొలిస్తేనే లెక్కకు అర్థం ఉంటుందని ఆగాను. చూశావా, నీ రోగం నాకూ అంటుకుంది.

మొదట్లో మందు చుక్కలు చెంప మీదే పడేవి. చెవిలో కూడా ఒకటి పడింది. అద్దంలో చూస్తూ వేసుకోలేం, పైకి చూస్తూ వెయ్యాలి. మా యజమాని, "వెంట్రుకంత స్ప్రింగు పట్టుకుంటావు, సొంత కన్ను దొరకట్లేదా?" అని వెక్కిరించాడు. సంగతంతా ఆయనకు చెప్పేశాను. పని తీసేస్తాడేమోనని రెండు రోజులు భయపడ్డాను. మూడో రోజు ఆయన నా బల్ల మీది పాత దీపం తీసేసి, మంచి వెలుగొచ్చే కొత్తది బిగించాడు. ఇప్పుడు రోజూ తొమ్మిదింటికి "మందా?" అని అరుస్తాడు. కొనేవాళ్లు ఉన్నా అరుస్తాడు.

పోయిన వారం డాక్టరు కుడికన్ను చూసి, ఒత్తిడి దిగిందన్నాడు. డిసెంబరులో మళ్లీ ఆ గిన్నె యంత్రం ముందు కూర్చోవాలి. ఇంటి దగ్గర చేసే కొలత దానికి సాటి రాదని, దాన్ని చూసుకుని మందు మానొద్దని గట్టిగా చెప్పాడు. నీకు కూడా చెప్తున్నాను.

అయినా ఇవాళ ఆదివారం. కేటలాగులు పేర్చాను, తువ్వాలు వేశాను, దారంతో నలభై కొలిచాను. కుడి కన్ను మూశాను. తొందరపడలేదు. గంటన్నర పట్టింది.

ఇవాళ్టి కాగితాన్ని జూన్ ఇరవై నాటి కాగితం మీద పెట్టి కిటికీ దగ్గరికి తీసుకెళ్లాను. నువ్వు నిజమే చెప్పమన్నావు కాబట్టి చూడటానికి నాకూ ధైర్యం చాల్లేదు. కాసేపు వీధిలోకి చూస్తూ నిలబడి, ఆ తర్వాత అద్దానికి ఆనించాను.

అక్కకు వేరే కవరులో నాలుగు పేజీలు రాశాను. అది తనదే, నువ్వు విప్పకు. రెండు కాగితాలూ ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను, నా మాట నమ్మక్కర్లేదు. నువ్వూ వెలుగుకు పెట్టి చూసుకో. నవ్వుకున్న రోజులూ, కొట్టేసిన రోజులూ, నేను అలిగిన రోజులూ అన్నీ ఈ రెంటి మధ్యలోనే ఉన్నాయి. గీత మీదే గీత పడింది. వెంట్రుకవాసి కూడా జరగలేదు.

పిన్ని